బర్రె తినని ఆకు

ఎల్లారెడ్డి దాటాక బస్సు సగం ఖాళీ అవుతుంది. అక్కడి నుంచి మా బడి ఉన్న ఊరిదాకా కిటికీ పక్క సీటు నాదే. కామారెడ్డిలో పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని ఎక్కితే ప్రార్థన గంటకు కాస్త ముందే దిగుతాను. ఆ బడికి బదిలీ అయినప్పుడు మాత్రం నాకు బొత్తిగా ఇష్టం లేదు. దూరం, దుమ్ము, పైగా జీవశాస్త్రం చెప్పేదానికి ప్రయోగశాల పేరుతో ఉన్నది ఒక ఇనుప బీరువా, అందులో అద్దం పగిలిన సూక్ష్మదర్శిని. ఆ సంగతి చెబితే మా పెద్దసారు నన్ను వంటగది వెనక్కి తీసుకెళ్ళి, ముళ్ళ కంప పెరిగిన ఖాళీ జాగా చూపించారు.

"గిదే మీ ప్రయోగశాల మేడం. ఏం పెడ్తరో పెట్టుండ్రి. మీకు పాఠం అయితది, పిల్లలకు కూర అయితది."

పెద్దసారు అంటే హెడ్మాస్టరు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. గంట కొట్టడం కాస్త ఆలస్యమైతే తనే విసవిసా వెళ్ళి కొట్టేసే రకం. ఆయన చూపించిన జాగాను తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి శుభ్రం చేశాను. వానకాలం మొదట్లో మడులు కట్టి వంకాయ, బెండ, గోంగూర, పాలకూర, కంచె పొడవునా చిక్కుడు పెట్టాం. మొలకలు వచ్చిన నాటి నుంచి పిల్లలకు ఒకటే పని. నీళ్ళు పోయడం. పొద్దున ఒక గుంపు పోసేది. అది చూడని ఇంకో గుంపు మధ్యాహ్నం పోసేది. సాయంత్రం బడి వదిలాక, ఇంటికి పోయే ముందు ప్రేమ ఆగక కొందరు మళ్ళీ పోసేవాళ్ళు. పైన వాన సంగతి సరేసరి. పాలకూర పసుపుబారి, మెత్తబడి, ఒక సోమవారం పొద్దున మొత్తం కుళ్ళి పడి ఉంది.

"మేడం, మస్తు నీళ్ళు పోసినం గద. మల్ల ఎట్ల సచ్చిపాయె?" అని అడిగింది ఒక అమ్మాయి, కళ్ళ నిండా నీళ్ళతో.

ఆ అమ్మాయి గురించి చెప్పాలి. తరగతిలో ప్రశ్న వేస్తే బల్ల కిందికి చూసే పిల్ల. తోటలో అడుగుపెడితే మాత్రం నోరు మూతపడదు. వాళ్ళ బాపుకు ఊరి చివర వరి పొలం ఉంది. పలుగు పట్టడంలో మగపిల్లలకంటే ఆ పిల్లే నయం.

"వేర్లకు నీళ్ళే గాదు, గాలి గూడ గావాలె. నువ్వు నీళ్ళల్ల మునిగి ఊపిరి పీల్చుకుంటవా?" అన్నాను.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. మట్టిలో వేలు దింపి చూడాలి. వేలికి తడి తగిలితే బకెట్ పక్కన పెట్టాలి. ఇంత చిన్న సంగతికి పిల్లలు ఎంత మురిసిపోయారంటే, వారం తిరిగేసరికి బడిలో ఎవరి చూపుడువేలు చూసినా గోట్లో మట్టే. లెక్కల సారు నోటుబుక్కులు దిద్దుతూ, "మేడం, మీ తోటంతా నా పుస్తకాల మీదికొచ్చింది" అని మొత్తుకున్నారు.

వానకాలం, చలికాలం బాగానే గడిచాయి. శివరాత్రి దాటాక కష్టం మొదలైంది. మా వైపు కాలువ నీళ్ళు రావు, అన్నీ బోర్లే. చుట్టూ యాసంగి వరి. అందరి మోటర్లూ ఒక్కసారే నడిస్తే బడి బోరుకు ఊపిరి ఆడదు. దగ్గినట్టు దగ్గి, కాసిని నీళ్ళు కక్కి, గాలి వదిలేది. పెద్దసారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు.

"ఇగ తోట బందు మేడం. తాగుతందుకు, వంటకే సరిపోతలేవు నీళ్ళు. పిల్లలకు మీరే చెప్పుండ్రి."

ఆయన చెప్పింది న్యాయమే. కానీ ఆ మాట తరగతిలో చెప్పాలంటే నోరు రాలేదు. అప్పుడే వంకాయలు పూత మీద ఉన్నాయి. ఏం చెప్పాలో తోచక, ఆ పీరియడులో పిల్లలకు ఒక పని పెట్టాను. "బోరు కాడికెల్లి మొదలువెట్టి, నీళ్ళు యేడికి పోతయో వాటెంబడి మీరు గూడ పోండ్రి. సూసి రాండ్రి" అన్నాను.

పిల్లలు గుంపులుగా విడిపోయారు. కొందరు ట్యాంకు ఎక్కినంత పని చేసి, అది నిండాక పైనుంచి కారి గోడ వెంట పాకురు పట్టిందని చెప్పారు. కొందరు సరిగా బందుకాని నల్లా ఒకటి పట్టుకొచ్చారు, అంటే నల్లా మూతి నిజంగానే ఊడి చేతికి వచ్చింది. పాలకూర కోసం ఏడ్చిన మన పిల్ల మాత్రం మధ్యాహ్న భోజనమయ్యేదాకా ఆగింది. అందరూ పళ్ళాలు కడిగాక, ఆ నీళ్ళ వెంట మోరీ పొడవునా నడిచి, గేటు కింద నుంచి రోడ్డు మీదికి పోయి, ఉరుక్కుంటూ తిరిగొచ్చింది.

"మేడం! మన నీళ్ళన్నీ పందులు పండుతందుకు పోతున్నయ్!"

నిజమే. గేటు బయట బురద గుంటలో ఊర పందులు హాయిగా దొర్లుతున్నాయి. రోజూ బస్సు దిగి చీర కుచ్చిళ్ళు ఎత్తి ఆ గుంట దాటి లోపలికి వచ్చేదాన్ని. ఇన్ని నెలల్లో అది మా పళ్ళాల నీళ్ళేనని ఒక్కసారి కూడా అనుకోలేదు.

మరునాడే కాలువ తవ్వడం మొదలైంది. నల్లాల దగ్గర నుంచి తోటదాకా పిల్లలు పొడవైన గీత గీసి తవ్వారు. మధ్యాహ్నం పళ్ళాలు కడుగుతుంటే అందరూ కాలువ ఒడ్డున నిలబడి, పెళ్ళి ఊరేగింపు కోసం చూసినట్టు నీళ్ళ కోసం చూశారు. నీళ్ళు వచ్చాయి, సగం దూరం. అక్కడ ఆగి, ఆలోచించి, వెనక్కి తిరిగాయి. తోట వైపు నేల కాస్త ఎత్తు. ఆ చివరంతా మళ్ళీ లోతుగా తవ్వాల్సి వచ్చింది. నీరు పల్లమెరుగును అన్న మాట అందరికీ చిన్నప్పటి నుంచీ తెలిసిందే గానీ, నడుం నొప్పితో తెలియడం అదే మొదటిసారి.

తోట మొదట్లో ఒక గుంట తీసి అడుగున కంకర, పైన బొగ్గులు, ఆ పైన ఇసుక పోశాం. జిడ్డు, మెతుకులు అక్కడ ఆగాలని. మెతుకులు నిజంగానే ఆగాయి. ఎంతగా ఆగాయంటే గుంట పూడి, కంపు కొట్టి, చీమలు పుట్టలు పెట్టాయి. నేను పాత నైలాన్ చీర ముక్క తెచ్చి కాలువకు అడ్డంగా కట్టాను. మెతుకులు దాంట్లో పడేవి, వాటిని ఊరి కోళ్ళు ఖాళీ చేసేవి. నా చీర అలా బడి కోసం పనికొచ్చిందని ఇంట్లో చెబితే మా ఆయన, "మంచి చీరలు గూడ తీస్కపోతవా ఏంది ఇగ?" అన్నాడు.

అసలు చిక్కు సబ్బుతో వచ్చింది. మా వంట అవ్వ వంట గిన్నెలు, పెద్ద గంజులన్నీ ఆ నల్లాల దగ్గరే తోముతుంది. ఆ నురగ మొత్తం వంకాయల్లోకే. పిల్లలు వెళ్ళి అడిగారు, గంజులు వేరే చోట తోమమని. అవ్వ చీపురు పట్టుకుని నా దగ్గరకే వచ్చింది.

"ఏంది మేడం, గీ పోరగాండ్లు నాకు గంజులు తోముడు నేర్పుతున్నరు! నా పెండ్లినాటికి వీళ్ళ అయ్యలు గూడ పుట్టలే!"

"తోముడు గాదవ్వా, తోమే జాగ మార్చుమంటున్నరు. జెర అటు గోడ పక్కకు..."

"గోడ పక్కకు ఎండ గొడ్తది. మీరొచ్చి తోముతరా?"

దీనికి జవాబు పిల్లలే చెప్పారు. గోడ పక్కన కర్రలు పాతి, పైన పాత ఫ్లెక్సీ బ్యానరు కట్టి పందిరి వేశారు. ఏ పెళ్ళిదో ఆ ఫ్లెక్సీ, దాని మీద వధూవరులు నవ్వుతూ ఉన్నారు. అవ్వ వాళ్ళ కింద కూర్చుని గంజులు తోముతూ, "మంచిగనే ఉన్నది నీడ" అని ఒప్పుకుంది. బియ్యం కడిగిన నీళ్ళు మాత్రం తనే బకెట్టులో పట్టి, తనే తెచ్చి వంకాయలకు పోసేది. ఎవరూ అడగలేదు.

తోట బతికింది. బోరు నీళ్ళు విడిగా ఒక్క చుక్క వాడకుండా బతికింది. పెద్దసారు రోజూ ఒకసారి కాలువ వెంట నడిచి చూసి, అడ్డం పడ్డ ఆకులు చెప్పు కొనతో పక్కకు తోసి వెళ్ళేవారు. ఆయన మెచ్చుకోలు అదే.

అలా సాగుతుండగా ఒక పొద్దున మన పిల్ల వాళ్ళ బాపు బడికి వచ్చాడు. బండి గేటు దగ్గర పడేసినట్టు ఆపి, లుంగీ పైకి కట్టి, నేరుగా నా తరగతి గుమ్మం దగ్గరకు.

"మేడం, మీరు సదువు చెప్తున్నరా, మోటర్లు బందు వెట్టుడు నేర్పుతున్నరా?"

ఆ పిల్ల బల్ల కిందికి చూస్తోంది. నేను బయటికి వచ్చాను. సంగతేమిటంటే, ముందురోజు బడికి వస్తూ ఆ పిల్ల పొలం మీదుగా వచ్చింది. మడి నిండి, నీళ్ళు ఒడ్డు దాటి బాట మీద పారుతున్నాయి. ఆటో స్టార్టరు పెట్టి ఉంది, కరెంటు వచ్చినప్పుడల్లా మోటరు దానంతట అదే నడుస్తుంది. ఈ పిల్ల వెళ్ళి బంద్ చేసింది. చేసి, ఎవరికీ చెప్పకుండా బడికి వచ్చేసింది. వాళ్ళ బాపు ఆ రోజు పని మీద బాన్సువాడ పోయాడు. సాయంత్రం వచ్చి చూస్తే పై మడులకు నీళ్ళే అందలేదు. వెన్ను బయటికి రాబోయే, పొట్ట మీద ఉన్న పైరు.

"నీళ్ళు బాట మీద పోతున్నయ్ బాపు," అంది పిల్ల, గుమ్మంలోకి వచ్చి, సన్నగా. "మేడం ఏం జెప్పలే. నేనే బంద్ జేసిన."

"బంద్ జేసినవ్, మంచిగనే ఉన్నది. మల్ల మోటరు చాలూ జేసేది ఎవరు? మీ మేడమా?"

నాకు నవ్వొచ్చింది, కానీ ఆ మనిషి మొహం చూస్తే నవ్వే సందు లేదు. పైరు ఎండితే ఆ ఇంటికి ఏమవుతుందో నాకు తెలుసు. పిల్ల చేసింది తప్పా, ఒప్పా అని నన్ను అప్పుడు అడిగితే రెండూ అనేదాన్ని.

"అన్నా, బిడ్డ ఇంట్ల చెప్పకుంట బంద్ జేసుడు తప్పే. నేను గూడ చెప్త," అన్నాను. "గని నీళ్ళు ఊకె పోతుంటే సూడబుద్ధి గాలె దానికి. ఇన్ని దినాలు వీళ్ళు చుక్క చుక్క పట్టుకుంట తోట సాదుతున్నరు. ఒక్కసారి సూసి పోరాదు?"

ఆయన రానంటాడనుకున్నాను. కానీ పిల్ల అప్పటికే వెళ్ళి తోట తడిక తీసి పట్టుకుని నిలబడింది. ఆయన లోపలికి వచ్చి, కోపం ఇంకా మొహం మీద ఉండగానే, కాలువ వెంట చూపు పోనిచ్చాడు. చీర ముక్క జల్లెడ చూశాడు. పెళ్ళి ఫ్లెక్సీ కింద అవ్వను చూశాడు. పిల్ల ఒక మడి దగ్గర కూర్చుంది. అక్కడ మేము ఎండుటాకులు కొంచెం పరిచి చూశాం, పక్క మడి ఉత్తగా వదిలేశాం. "బాపు, దీంట్ల వేలు పెట్టు. ఇగ దీంట్ల పెట్టు," అంది.

ఆయన అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి, కూర్చుని రెండు మడుల్లోనూ వేలు పెట్టాడు. ఆకుల కింద మట్టి చల్లగా తగిలి ఉంటుంది. ఆకుల మడిలో రెండోసారి వేలు దింపి చూశాడు.

"ఎప్పుడు పోసిండ్రు దీనికి?"

"మొన్న!" అన్నారు పిల్లలు, కిటికీల నుంచి. తరగతి మొత్తం కిటికీల్లోనే ఉంది.

"ఆకులు శాన పల్చగ ఏసిండ్రు," అన్నాడు ఆయన లేచి, చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ. "మా వాములకెల్లి గడ్డి పంపిస్త. మందంగ పరుసుండ్రి." బండి ఎక్కుతూ కూతురి వైపు వేలు చూపించాడు. "నువ్వు మాత్రం మోటరు కాడికి పోతే చెప్పి పో!"

మరునాడు మోపుల కొద్దీ వరిగడ్డి వచ్చింది. పిల్లలు పండగలా పరిచారు. బంగారు రంగు పరుపు మీద వంకాయ చెట్లు కూర్చున్నట్టుంది తోట. శనివారం సాయంత్రం బస్సెక్కేముందు వెనక్కి తిరిగి చూసుకుని మరీ వెళ్ళాను.

సోమవారం వచ్చేసరికి తోట లేదు.

తడిక పడిపోయి ఉంది. గడ్డి ఒక్క పోచ లేదు. దానితోపాటు గోంగూర లేదు, చిక్కుడు తీగ లేదు. వంకాయ చెట్లు మొదళ్ళదాకా తొక్కుడుపడి ఉన్నాయి. నడుమ పెద్ద బర్రె పెండ కడి, తిన్నవారి సంతకంలా. పిల్లలు కొందరు ఏడుస్తున్నారు. నాకూ ఏడుపు వచ్చేలాగే ఉంది. అందుకే అటు తిరిగి నిలబడ్డాను.

"ఇది ఎవరి బర్రె పని?" అని పెద్దసారు గట్టిగా అడిగారు.

"నాది గాదు సార్," అంది వంట అవ్వ, ఎవరూ ఆమెను అడగకముందే.

ఆ మాట పూర్తవుతుండగానే రోడ్డు అవతల చెట్టు కింద నుంచి ఒక బర్రె తల ఎత్తి, అవ్వ గొంతు గుర్తుపట్టి, "అంబా" అంటూ గేటు వైపు నడిచి వచ్చింది. దాని కొమ్ముకు మా చిక్కుడు తీగ ఇంకా వేలాడుతోంది. ఏడుస్తున్న పిల్లలే ముందు నవ్వారు. తర్వాత లెక్కల సారు. ఆఖరికి పెద్దసారు కూడా మొహం పక్కకు తిప్పుకున్నారు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గడ్డి ఎవ్వలు పరుసుమన్నరు? బర్రెకు ఇస్తారేసినట్టు పరిసి, ఇగ తిన్నదంటె ఎట్ల?" అంది.

అందులో న్యాయం ఉంది. ఎండాకాలం, ఊళ్ళో పచ్చి గడ్డి లేని రోజులు. మేము ఆకలితో ఉన్న పశువు కళ్ళ ముందు విస్తరి వేసి విందు పెట్టాం.

ఆ సాయంత్రం బస్సులో నాకు కిటికీ బయట ఏమీ కనపడలేదు. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేదనిపించింది. సెలవులు దగ్గర పడుతున్నాయి, వదిలేద్దాం అనుకున్నాను. మరునాడు వెళ్ళేసరికి పిల్లలు తడిక నిలబెట్టి కడుతున్నారు. మన పిల్ల వంకాయ మొదళ్ళ దగ్గర వంగి, "మేడం, వేర్లు మంచిగనే ఉన్నయ్. చివర్లు కోసిన. మల్ల ఇగురు వెడ్తయి" అంది. నన్ను అడిగినట్టు కాదు, నాకు చెప్పినట్టు.

మట్టిని కప్పాలి. కానీ బర్రె తిననిదానితో కప్పాలి. అదేమిటి? తరగతిలో పెద్ద వాదన. వేపాకు అన్నారు ఒకరు, మేక తింటుంది గదా అన్నారు ఇంకొకరు. మేక గురించి కాదు బర్రె గురించి మాట్లాడండి అన్నారు మూడోవాళ్ళు. అప్పుడు నాకు తోచింది. ఇది పుస్తకం చూసి తేల్చే ప్రశ్న కాదు. బర్రెనే అడగాలి.

ఆ మధ్యాహ్నం తొమ్మిదో తరగతి మొత్తం తలొక ఆకు పట్టుకుని వరసలో అవ్వ ఇంటికి నడిచింది. ఆ ఇల్లు బడి వెనకాలే. అవ్వ కట్టుకొయ్య దగ్గర బర్రెను పట్టుకుని నిలబడింది, పెళ్ళికూతురి పక్కన తోడుపెళ్ళికూతురిలా ముస్తాబై. ఒక్కొక్కరు ముందుకు వచ్చి ఆకు చూపించడం, బర్రె ఏం చేసిందో మిగతావాళ్ళు అరిచి చెప్పడం. చింతాకు తిన్నది. ఎండు మామిడాకు నమిలి, ఆలోచించి, మింగింది. టేకాకు వాసన చూసి వదిలేసింది. వేపాకు నోట పెట్టుకుని ఉమ్మేసింది, పట్టుకున్న పిల్లవాడి చొక్కా మీద. కానుగాకు దగ్గరకు తెచ్చేసరికి మెడ మొత్తం తిప్పి, అవ్వ వెనక్కి పోయి నిలబడింది.

"కానుగాకు!" అని ఊరంతా వినపడేలా అరిచారు.

బడి ఆవరణలో కానుగ చెట్లు ఎన్నో. ప్రతి ఏడాదీ రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టేవారట. ఈసారి బుట్టలతో ఎత్తి తోటలో జానెడు మందాన పరిచాం. అవ్వ నష్టపరిహారంగా రోజూ పొద్దున తట్టెడు పెండ తెచ్చి, తోట పక్కన కొత్తగా తవ్విన గుంటలో వేసేది. ఎరువు గుంటకు అలా మూలధనం బర్రే సమకూర్చింది. బర్రె ఆ తర్వాత రెండుమూడుసార్లు తడిక దాకా వచ్చి, కానుగాకు వాసన చూసి, మా మీద నమ్మకం పోయినట్టు మొహం పెట్టి వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాయి. టమాటా నారు పెడితే మాడిపోయింది, మళ్ళీ పెట్టలేదు. వంకాయలు మాత్రం కొత్త ఇగుర్లు వేశాయి. ఆకుల కింద పళ్ళాల నీళ్ళు తాగి, ముందు పూత, వెనక పిందె. ఎండాకాలం సెలవులకు ముందు ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం వాటిని కోశాం. బుట్ట నిండలేదు గానీ, అడుగు కనపడలేదు.

అవ్వ నువ్వుల పొడి వేసి కూర చేసింది. బడి మొత్తానికి పంచాలంటే ఒక్కొక్కరికి ఒక ముక్క, కాస్త పులుసు. వంకాయ అంటే పళ్ళెం పక్కకు నెట్టే పిల్లలు కూడా ముక్క కోసం మెడలు చాపి చూశారు. "ఇగో గిది, నేను నీళ్ళు పోసిన చెట్టుది," అని ఒకడు ముక్కను గుర్తుపట్టానని వాదించాడు. మన పిల్ల వాళ్ళ బాపును కూడా పిలిచింది. ఆయన వచ్చి పిల్లలతో పాటు వరండాలో బాసింపట్టు వేసుకుని కూర్చుని తిన్నాడు. తింటూ నాతో అన్నాడు, "గా ఆటో స్టార్టరు తీసేసిన మేడం. ఇప్పుడు నేనే పోయి ఏస్త, నేనే బంద్ జేస్త. నడుం పోతున్నది." ఫిర్యాదులాగే అన్నాడు, కానీ కూతురు వింటోందని చూసి మరీ అన్నాడు.

అందరూ తిన్నాక పెద్దసారు పళ్ళెం పట్టుకుని మెల్లగా వంటగది గుమ్మం దగ్గరకు వెళ్ళారు.

"అవ్వా, ఇంకో ముక్క ఉన్నదా?"

అవ్వ గంజు వంచి చూపించింది. "అయిపాయె సార్. వచ్చే యేడు చెట్లు ఎక్కువ పెట్టిపియ్యుండ్రి."

పెద్దసారు ఖాళీ గంజులోకి కాసేపు చూసి, నవ్వుకుంటూ పళ్ళెం కడగడానికి నల్లా దగ్గరకు నడిచారు.